మందారానికి కొలను

నీటికుక్క గొప్పదా, మందార మొక్క గొప్పదా అన్న ప్రశ్న మానవజాతిని ఇన్ని వేల ఏళ్ళుగా ఎందుకు వేధించలేదో నాకు తెలియదు. వేధించకపోవడం మానవజాతి తప్పే. ఆ తప్పు దిద్దడానికి మంత్రిగారు ఒక సోమవారం పత్రికలవాళ్ళను పిలిపించారు.

"ప్రపంచంలో ఏ ప్రభుత్వమూ చేయని సాహసం మేం చేయబోతున్నాం," అన్నారాయన మైకు సర్దుకుని. "ఒక జలచర క్షీరదాన్నీ, ఒక పుష్పించే మొక్కనీ పక్కపక్కన నిలబెట్టి, శాస్త్రీయంగా పోల్చి, ఏది మేలో తేల్చి ప్రజల చేతిలో పెడతాం."

విలేకరుల్లో ఒకాయన చెయ్యెత్తాడు. "ఎందుకు సార్?"

"మంచి ప్రశ్న," అన్నారు మంత్రిగారు. "నెక్స్ట్."

మంత్రిగారిలో నాకు నచ్చేది ఇదే. ప్రశ్న మంచిదైతే మంచిదని ఒప్పుకుంటారు. జవాబు చెప్పి దాన్ని పాడుచేయరు.

ఇంతకీ నేనక్కడ ఎందుకున్నానంటే, నేను జంతుప్రదర్శనశాల గేటు దగ్గర ఫొటోలు తీసేవాణ్ణి. పిల్లల్ని సిమెంటు జిరాఫీ మీద కూర్చోబెట్టి తీస్తుంటాను. మంత్రిగారి శాఖ ఫొటోగ్రాఫరు సెలవు పెట్టినప్పుడల్లా నాకు కబురొస్తుంది. ఆ రోజు తోపులాటలో మంత్రిగారి ఎడమ చెవి చాలా బాగా వచ్చింది. అదే మర్నాడు పేపర్లో వేశారు.

ఇంకో కారణం కూడా ఉంది. మంత్రిగారు చెప్పిన ఆ జలచర క్షీరదం సరిగ్గా ఆ సమయానికి మా అక్క వాళ్ళ బాత్రూంలో ఉంది.

మా బావ జంతుప్రదర్శనశాలలో నీటికుక్కను చూసుకునే ఉద్యోగి. ఉన్నది ఒక్కటే నీటికుక్క. కళ్ళు కూడా తెరవని పిల్లగా ఉన్నప్పుడు దొరికితే, దూదితో పాలు పట్టి పెంచాడు. దానికి అల్లుడని పేరు పెట్టింది మా అక్క. చేప తాజాగా లేకపోతే మొహం తిప్పుకుంటాడు. పెట్టింది తిని, పొట్ట మీద చేతులు పెట్టుకుని వెల్లకిలా పడుకుంటాడు. పిలిస్తే ఒక కన్ను మాత్రం తెరుస్తాడు. ఇంతకంటే తగిన పేరు ఎవరు మాత్రం పెట్టగలరు?

అల్లుడి కొలను పగిలింది. పొద్దున నింపిన నీళ్ళు సాయంత్రానికి ఉండవు. నీళ్ళు లేకపోతే అల్లుడి ఒళ్ళు ఎండిపోతుంది, తిండి మానేస్తాడు. అలా రెండ్రోజులు చూసి, బావ వాణ్ణి తడి గోనెసంచిలో చుట్టి ఇంటికి తెచ్చి బాత్రూం తొట్టిలో దింపాడు. రెండ్రోజుల కోసమే అన్నాడు. ఇల్లరికం ఎప్పుడూ అలాగే మొదలవుతుంది.

"ఏవండీ," అంది అక్క ఒకరోజు, "నిజం అల్లుడైనా ఇన్నాళ్ళు తొట్టిలో కూర్చోడు. పక్కింటావిడ తలుపు కొట్టి, చేతిలో సబ్బు, భుజాన తువ్వాలు వేసుకుని నిలబడుతున్నాను రోజూ. ఆవిడ ఇవాళ నన్ను చూసి 'మళ్ళీ వచ్చారా' అంది. నాకెంత తల కొట్టేసినట్టయిందో తెలుసా?"

"వాడికి నీళ్ళు లేకపోతే పోతాడే," అన్నాడు బావ.

"నాకు లేకపోతే బతుకుతానా? ఈ నెలాఖరుకి ఇంట్లో వాడైనా ఉండాలి, నేనైనా ఉండాలి. తేల్చుకోండి."

బావ జవాబు చెప్పేముందు ఒక్క క్షణం ఆలోచించాడు. ఆలోచించకుండా ఉండాల్సింది.

దానికి తోడు శాఖ నుంచి హెచ్చరిక వచ్చింది. ఉద్యోగి ఇంట్లో ప్రభుత్వ జంతువును ఉంచుకోవడం నేరమనీ, కొత్త కొలను మంజూరు కాకపోతే నీటికుక్కను దూరపు ఊళ్ళో ఉన్న మరో ప్రదర్శనశాలకు పంపేస్తామనీ. ఆ రాత్రి బావ అన్నం ముట్టలేదు. బాత్రూం గుమ్మంలో పీట వేసుకుని కూర్చున్నాడు. అల్లుడు తన వంతు చేపా, బావ వంతు చేపా కూడా తిన్నాడు.

మర్నాడు బావా నేనూ కలిసి శాఖ ఆఫీసుకి వెళ్ళాం. అక్కడ హెడ్డు గుమాస్తాగారు ఉంటారు. మంత్రులు వస్తారు, పోతారు. హెడ్డు గుమాస్తాగారు మధ్యాహ్నం భోజనానికి మాత్రమే పోతారు, పోతే త్వరగా రారు.

ఆయన బావ అర్జీ చదివి పెదవి విరిచారు. "కంపారటివ్ స్టేట్‌మెంట్ ఏదీ?"

"అంటే ఏంటండీ?"

"ఈ శాఖలో ఏదీ ఒంటరిగా మంజూరవదు నాయనా. కుర్చీ కావాలంటే రెండు కుర్చీల్ని పోల్చి చూపించాలి. చీపురు కావాలంటే రెండు చీపుర్లని పోల్చాలి. పోల్చకుండా ఇస్తే పక్షపాతమంటారు. నీ నీటికుక్కకి పోటీగా ఇంకో నీటికుక్క పేరు రాయి."

"ఇంకోటి లేదండీ. ఉన్నది ఒక్కటే."

"అదే మీ దగ్గర లోపం," అన్నారాయన బాధగా.

బావ మొహం చూసి ఆయనకు జాలేసినట్టుంది. కలం నోట్లో పెట్టుకుని చుట్టూ చూశారు. కిటికీ అవతల వరండాలో, మంత్రిగారి గది ముందు, కుండీలో మందార మొక్క ఉంది. అటెండరు చెంబుతో దానికి నీళ్ళు పోస్తున్నాడు.

"అది మన శాఖదేనా?" అన్నారు హెడ్డు గుమాస్తాగారు.

"మనదేనండీ," అన్నాడు అటెండరు.

"నీళ్ళు కావాలా దానికి?"

"రోజూ కావాలండీ."

"ప్రాణముందిగా?"

"ఉందండీ. మొన్న నాలుగు పూలు కూడా పూసింది."

"ఇంకేం! అర్హతలన్నీ ఉన్నాయి," అని ఆయన గబగబా రాసేశారు. కొలను కోరుతున్న అభ్యర్థులు ఇద్దరు. ఒకటి నీటికుక్క, రెండు మందారం.

"మందారానికి కొలనెందుకండీ?" అన్నాడు బావ.

"నువ్వు అడుగుతున్నావు గానీ, అది అడిగిందా? చూసి నేర్చుకో," అన్నారాయన.

ఆ ఫైలు పైకి పోయింది. ఒక అధికారి దాని మీద 'చర్చించండి' అని రాశారు. ఆయన పై అధికారి 'చర్చించినట్టుగా' అని రాశారు. ఎవరితో ఎవరు చర్చించారో ఎవరూ అడగలేదు. పెద్దవాళ్ళకు ఒకరి మీద ఒకరికి అంత నమ్మకం. చివరికి అది మంత్రిగారి బల్ల మీదికి చేరింది. పార్టీ పెద్దాయన త్వరలో ఊరికి వస్తున్నారు. ఆయనకు చూపించడానికి ఏదైనా చారిత్రకమైంది కావాలని మంత్రిగారు వెతుకుతున్న రోజులవి. ఫైలు తెరిచారు. నీటికుక్క, మందారం. ఇంత లోతైన ఆలోచన తన శాఖలో ఎవరికో వచ్చిందంటే అది తనదే అయ్యుంటుందని ఆయనకు వెంటనే అర్థమైంది.

అదీ ఆ సోమవారం నాటి ప్రకటన వెనక కథ.

కమిటీ వేశారు. అధ్యక్షుడిగా రిటైరైన రోడ్ల ఇంజనీరుగారిని పెట్టారు. ఆయన చిన్నప్పుడు ఒకసారి నదిలో పడ్డారు, ఇంట్లో రెండు పూలకుండీలున్నాయి. రెండు రంగాల్లోనూ అనుభవమున్న మనిషి ఆయనొక్కరే దొరికారు. ప్రజల తరఫున సభ్యుడు ఒక పార్టీ కార్యకర్త. ఆయన్ని అందరూ చప్పట్లు అని పిలుస్తారు. సభలో ఎప్పుడు కొట్టాలో మిగతావాళ్ళకు తెలియనప్పుడు ముందు ఆయన కొడతాడు.

పరీక్షలు ఏవేం పెట్టాలన్న దాని మీద మొదటిరోజంతా గడిచింది.

"ఈత పెడదాం," అన్నాడు బావ ఆశగా. "కొలను అన్నాక ఈత రావాలి కదండీ."

అధ్యక్షులవారు తల అడ్డంగా తిప్పారు. "ఈత పెడితే ఒక అభ్యర్థికి అన్యాయం. తీసేయండి. అలాగని పూలు పూయడం పెడితే ఇంకో అభ్యర్థికి అన్యాయం. అదీ తీసేయండి."

అలా ఇద్దరికీ చేతనైనవన్నీ తీసేశాక, నాలుగు అంశాలు మిగిలాయి. వాసన, హాజరు, క్రమశిక్షణ, ఇంటర్వ్యూ.

వాసనలో మావాడిదే గెలుపు. మందారానికి వాసన ఉండదు. అల్లుడికి ఉంటుంది, వీధి చివరి దాకా ఉంటుంది. అధ్యక్షులవారు ముక్కుకి రుమాలు కట్టుకుని నూటికి నూరు వేశారు. ఆ రోజు బావ ఇంటికొస్తూ, అక్క వద్దన్నా, మూడు చేపలు ఎక్కువ తెచ్చాడు. హాజరు, క్రమశిక్షణ మాత్రం మందారం కొట్టేసింది.

ఇంటర్వ్యూ రోజున ఫొటోలు తీయడానికి నన్నూ పిలిచారు. బావ అల్లుణ్ణి బకెట్లో పెట్టుకుని లోపలికొచ్చాడు. చప్పట్లు మర్యాదగా బకెట్టుకి ఒక కుర్చీ చూపించాడు.

"మీ గురించి చెప్పండి," అన్నారు అధ్యక్షులవారు బకెట్లోకి వంగి.

అల్లుడు లేచి, ఆయన కళ్ళజోడు లాక్కుని, నీళ్ళలో మునిగిపోయాడు.

"ఆకలేసుంటుందండీ వాడికి," అన్నాడు బావ కంగారుగా. "కాస్త చేప పెడితే..."

"డిమాండ్లు ఉన్నాయి," అని చదువుకుంటూ రాసుకున్నారు అధ్యక్షులవారు, కళ్ళజోడు లేక కాగితం ముక్కుకి ఆనించుకుని.

తర్వాత అటెండరు మందారాన్ని మోసుకొచ్చి అదే కుర్చీలో పెట్టాడు.

"మీ గురించి చెప్పండి."

మందారం ఏమీ చెప్పలేదు. గదిలో ఫ్యాను తిరుగుతోంది. ఒక ఆకు కొద్దిగా ఊగింది. అధ్యక్షులవారు చాలాసేపు చూశారు.

"మీకు మా నుంచి ఏమైనా కావాలా?"

ఏమీ కావాలని అనలేదు.

"ప్రభుత్వ విధానాల మీద సందేహాలేమైనా?"

అవీ లేవు. అధ్యక్షులవారి కళ్ళు చెమర్చాయి. "నా సర్వీసు మొత్తంలో ఇంత ఒద్దికైన అభ్యర్థిని చూడలేదు," అన్నారు. చప్పట్లు కొట్టాడు చప్పట్లు.

ఈలోగా ఊరు రెండుగా చీలింది. మంగలి షాపులో గడ్డానికి నురగ రాశాక, 'మీరు ఏ వైపు?' అని అడిగి, జవాబుని బట్టి కత్తి తీస్తున్నారు. నీటికుక్క కూడా ఈ నేల బిడ్డేననీ, దాని నోటి దగ్గరి నీళ్ళు లాక్కుంటే ఊరుకోమనీ ప్రతిపక్ష నాయకుడు మా అక్క ఇంటి ముందు ధర్నాకి కూర్చున్నాడు. మంత్రిగారు అప్పటిదాకా తటస్థులు. ప్రతిపక్షం అల్లుడి పక్షాన నిలబడగానే, మందారం మీద ఆయనకు చిన్నప్పటి నుంచీ ఉన్న ప్రేమ బయటపడింది.

అక్క గుమ్మంలోకి వచ్చి ధర్నావాళ్ళతో అంది: "నాయనలారా, ఎవరైనా గెలవండి, ఎవరైనా ఓడండి. మీలో ఎవరింట్లోనైనా బాత్రూం ఖాళీగా ఉంటే ఈ నేల బిడ్డని తీసుకుపోండి."

ధర్నా ముగిసింది.

కొత్త కొలను శరవేగంతో కట్టారు. ఎవరి కోసమో తేలకముందే కట్టడం పూర్తయిందంటే ప్రభుత్వం ఎంత చురుగ్గా ఉందో చూడండి. ప్రారంభోత్సవానికి పార్టీ పెద్దాయన వచ్చారు. ఆయన వేదిక మీద నిద్రపోతారు. అది అలసట వల్లేగానీ అశ్రద్ధ వల్ల కాదు. అధ్యక్షులవారు నివేదిక చదువుతుంటే, మధ్యలో ఎక్కడో ఆయన కళ్ళు తెరిచారు.

"ఆగు, ఆగు. ఎక్కడ పెడితే అక్కడే ఉంటుందన్నావా?"

"అంగుళం కదల్దండీ."

"పార్టీ మారదా?"

"వేళ్ళుంటాయి కదండీ. కుదరదు."

"నాకిది కావాలి, మావాడికది కావాలి అంటుందా?"

"పొద్దున ఒక చెంబుడు నీళ్ళండీ. అవి కూడా మనంతట మనం పోస్తేనే."

"ఎదురు మాట్లాడదూ?"

"ఇప్పటిదాకా ఒక్క మాట లేదండీ."

పెద్దాయన "ఊఁ" అన్నారు. మళ్ళీ నిద్రపోలేదు. పక్కనే కూర్చున్న మంత్రిగారు, తన శాఖ మొక్కను పెద్దాయన అంతలా మెచ్చుకుంటుంటే గర్వంతో ఉబ్బిపోయారు. ఆ ఫొటోలో ఆయన రెండు చెవులూ పడ్డాయి.

మందారం గెలిచినట్టు ప్రకటించారు. కొలను మధ్యలో సిమెంటు దిమ్మె కట్టి, దాని మీద కుండీ పెట్టారు. చుట్టూ మెడలోతు తేట నీళ్ళు. ఆ నీళ్ళలో ఒక్క చుక్క కూడా కుండీకి అందదు. అందుకని అటెండరు రోజూ పడవలో వెళ్ళి చెంబుతో పోసి రావాలని ఉత్తర్వులిచ్చారు. అల్లుడికి ప్రోత్సాహక బహుమతిగా ప్రశంసాపత్రం ఇచ్చారు. వాడు దాన్ని తిన్నాడు.

నాకు నవ్వు రాలేదు. బావ కొలను కటకటాలు పట్టుకుని ఆ నీళ్ళకేసి చూస్తూ నిలబడ్డాడు. అల్లుణ్ణి దూరపు ఊరికి పంపే వ్యాను వారం చివర్లో వస్తుందని అప్పుడే చెప్పారు. ఇంటికెళ్ళేసరికి అక్క సంచీ సర్దుకుని గుమ్మంలో కూర్చుని ఉంది.

"వ్యాను వస్తోందట," అన్నాడు బావ. "ఇంక నీ బాత్రూం నీకే."

అక్క సంచీలోంచి తువ్వాలు తీసి, "వెళ్ళేదాకైనా వాడి ఒళ్ళు సరిగ్గా తుడవండి. జలుబు చేస్తుంది," అని లోపలికెళ్ళిపోయింది. తొట్టి దగ్గర నుంచి ఆవిడ ముక్కు చీదుకోవడం నాకు వినబడింది.

ఇంతలో మంత్రివర్గంలో మార్పులు వచ్చాయి. మన మంత్రిగారి పదవికి ఢోకా లేదని అందరికీ తెలుసు. ఆయన్నే కొనసాగిస్తారు, ఒక్క సంతకం పడితే చాలు. ఆ ఫైలు పద్ధతి ప్రకారం హెడ్డు గుమాస్తాగారి దగ్గరికొచ్చింది. ఆయన చూసి పెదవి విరిచారు.

"కంపారటివ్ స్టేట్‌మెంట్ ఏదీ?"

మంత్రిగారు నవ్వారు. "నాతో పోల్చడానికి ఎవరున్నారయ్యా?"

"అదే లోపం సార్," అన్నారు హెడ్డు గుమాస్తాగారు. "కంగారు పడకండి. పోయినసారి గెలిచిన అభ్యర్థి సిద్ధంగా ఉంది. మార్కులు కూడా వేసి ఉన్నాయి. మీవి వేస్తే సరిపోతుంది."

"నన్ను మొక్కతో పోలుస్తావా!"

"పోల్చకూడదంటే కారణం రాసివ్వండి సార్. ఆ కారణాన్ని ఇంకో కారణంతో పోల్చి చూస్తాం."

పాత కమిటీయే కూర్చుంది. మంత్రిగారిని కుర్చీలో కూర్చోబెట్టి, మీ గురించి చెప్పండి అన్నారు. ఆయన మొదలుపెట్టారు. పొద్దున మొదలుపెడితే భోజనాల వేళ దాటింది. మధ్యలో కావలసినవి కూడా చెప్పారు. కొత్త కారు, బావమరిదికి ఒక కార్పొరేషను, పెద్దాయన ఫొటో పక్కన తన ఫొటో. అధ్యక్షులవారు నిట్టూర్చి, 'డిమాండ్లు ఉన్నాయి' అని రాసుకున్నారు. ఇంతవరకూ ఎన్ని పార్టీలు మారారన్న చోట లెక్క తేలక ఖాళీ వదిలేశారు. వాసన దగ్గర మాత్రం మంత్రిగారికే పూర్తి మార్కులు వచ్చాయి.

ఫైలు పెద్దాయన దగ్గరికెళ్ళింది. ఆయన సంతకం పెట్టడానికి ఆలోచించలేదట.

మందారం మంత్రిగా ప్రమాణం చేసింది. చదివించిన ప్రతి వాక్యానికీ మౌనంగా ఉంది, దాన్ని మనస్సాక్షి సాక్షిగా అని రాసుకున్నారు. చప్పట్లు అరచేతులు కందిపోయేలా కొట్టాడు. కుండీని కొలనులోంచి తీసి మంత్రిగారి గదిలో, కిటికీ పక్కన పెద్ద బల్ల మీద పెట్టారు. మొదటి రోజే పేరుకుపోయిన ఫైళ్ళన్నీ కదిలిపోయాయి. బల్ల మీద ఒక పూట ఉంచుతారు, అభ్యంతరం రాకపోతే ఆమోదించినట్టే. ఇంత సమర్థత ఈ శాఖలో ఇంతకుముందు చూడలేదని మీ తరఫున కూడా చెబుతున్నాను.

వ్యాను రావడానికి ముందురోజు పొద్దున్నే బావ అల్లుణ్ణి గోనెసంచిలో చుట్టుకుని బయల్దేరాడు. అర్జీ పెట్టలేదు. ఎవర్నీ అడగలేదు. ఖాళీగా ఉన్న కొత్త కొలనులో వాణ్ణి దింపాడు. అల్లుడు ఒక మునక వేసి, అవతలి ఒడ్డున తేలి, దిమ్మె ఎక్కి, పొట్ట మీద చేతులు పెట్టుకుని పడుకున్నాడు. బావ కటకటాలు పట్టుకుని పెద్దగా నవ్వాడు. మర్నాడు వ్యానువాడు వచ్చి, కొలనులో నీటికుక్క ఉండటం చూసి, అన్నీ పద్ధతి ప్రకారమే ఉన్నాయని రాసుకుని వెళ్ళిపోయాడు. ఆ రోజు అక్క స్నానానికి వెళ్ళి ఎంతసేపటికీ బయటికి రాలేదు. వచ్చాక, "తొట్టి బోసిపోయింది," అంది.

కొత్త మంత్రిగారి అధికారిక ఫొటో కోసం నన్ను పిలిచారు. చాలా బాగా కుదిరింది. మళ్ళీ తీయాల్సిన పని లేకపోయింది. బయటికొస్తుంటే వరండాలో మాజీ మంత్రిగారు కనిపించారు. కొత్త మంత్రిగారి దర్శనం కోసం పొద్దుటి నుంచీ వేచి ఉన్నారట. వరండాలో అంతా ఎండ పడుతోంది. కుండీ ఇన్నేళ్ళు ఉన్న చోట నేల మీద గుండ్రటి మరక ఉండిపోయింది. ఆయన సరిగ్గా దాని మధ్యలో నిలబడి ఉన్నారు.

అటెండరు చెంబు పట్టుకుని వచ్చి, ఎటో చూస్తూ, ఆయన పాదాల మీద నీళ్ళు పోశాడు. పోశాక చూసుకుని నాలుక కరుచుకున్నాడు.

"క్షమించండి సార్, అలవాటు ప్రకారం..."

మాజీ మంత్రిగారు కోప్పడలేదు. ఒక్క మాట అనలేదు. అడుగు కూడా కదపలేదు. అటెండరు లోపలికెళ్ళేదాకా ఆగి, తల తిప్పకుండా, నన్ను మెల్లగా అడిగారు.

"ఏమోయ్, సాయంత్రం పూట ఎండ ఎటువైపు నుంచి వస్తుంది?"

నేను చూపించాను. ఆయన అటు తిరిగారు.